గంజాయి కేసులో తమ్ముడు జైల్లో ఉన్నాడు: ఏ లాయర్‌ని పెట్టుకోవాలి?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపూర్ దగ్గర పల్లె. మా తమ్ముడు సొంత పికప్ బండి కిరాయికి తిప్పుతాడు. పది రోజుల క్రితం కోరాపుట్ జిల్లాలో పోలీసులు బండి ఆపితే గుమ్మడికాయల కింద బస్తాల్లో 46 కిలోల గంజాయి దొరికిందట. కాయల కిరాయి అనుకునే వెళ్లానంటాడు వాడు. ఇప్పుడు జైపూర్ జైల్లో ఉన్నాడు. ఒడియా మాట్లాడతాడు గాని చదవలేడు, అయినా ఒడియా కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. కోర్టు దగ్గర ఒకాయన రెండు లక్షలిస్తే నెలలో బెయిల్ గ్యారంటీ అంటున్నాడు. మా మావయ్యేమో విశాఖ నుంచి పెద్ద లాయర్‌ని దింపుదామంటాడు. ఎవరిని పెట్టుకోమంటారు సార్?

జవాబు: ముందు ఆ గ్యారంటీ పెద్దమనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే రసీదు అడగండి, ఎలాగూ ఇవ్వడనుకోండి, కనీసం మనిషెలాంటివాడో తెలుస్తుంది. గెలిస్తే ఇంత అని ఫలితానికి ముడిపెట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలే ఒప్పుకోవు. పైగా గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం అంటుంది, శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. ఇలాంటి కేసులో ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల చట్టం) 37వ సెక్షన్ అడ్డం ఉంటుంది: ఇతను నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారం ఉంది, బయటికొచ్చి మళ్లీ నేరం చేయడు అని జడ్జికి తృప్తి కలిగితేనే బెయిల్. దానికి ఎవరు గ్యారంటీ ఇవ్వగలరు చెప్పండి?

అందుకే నేను చెప్పేది, బెయిల్ లాయర్ కోసం వెతకొద్దు, విచారణ నడిపే లాయర్ కోసం వెతకండి. మన దగ్గర చాలామంది ఉన్న డబ్బంతా మొదటి బెయిల్ పిటిషన్‌కే ఊడ్చిపెట్టేసి, అసలు సాక్షులు బోనెక్కే రోజుకి చేతిలో ఏమీ లేక, ఫైలు కూడా చదవని జూనియర్ నిలబడి ‘ప్రశ్నలు లేవండి’ అనేసే స్థితికి వస్తారు. కేసు పోయేది అక్కడ.

లాయర్‌ని కలిసినప్పుడు సీజర్ లిస్టు (పోలీసులు పట్టుకున్న సరుకు జాబితా) కాపీ, ఎఫ్‌ఐఆర్ కాపీ ముందు పెట్టి ఊరుకోండి, ఆయనేం అడుగుతాడో వినండి. బస్తాలతో కలిపి తూచారా, విడిగా తూచారా, నమూనాలు మేజిస్ట్రేట్ ఎదుట అదే చట్టం 52ఏ సెక్షన్ ప్రకారం తీశారా, సీళ్లు ఎవరి దగ్గరున్నాయి, సీజర్ సాక్షులు ఆ ఊరివాళ్లేనా అని అడిగితే ఈయన పని తెలిసినవాడు. చట్టం గంజాయి అనేది పూత, కాయ ఉన్న కొమ్మ చివళ్లను. వాటితో కలవని విడి ఆకులు, గింజలు లెక్కలోకి రావు. కాబట్టి తూకంలో ఏమేం కలిసిందన్నది చిన్న విషయం కాదు. అలాకాకుండా ‘50వ సెక్షన్ పాటించలేదు, కేసు కొట్టేస్తారు’ అన్నాడంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. 50వ సెక్షన్ మనిషి ఒంటి సోదా గురించి, బండిలో బస్తాలకి అది వర్తించదని 2005లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఈ ఒక్క పరీక్షతో సగంమంది తేలిపోతారు!

మీ తమ్ముడి కేసులో అసలు ప్రశ్న, బస్తాల్లో ఏముందో వాడికి తెలుసా అన్నది. 35వ సెక్షన్ ప్రకారం తెలుసనే కోర్టు ముందు అనుకుంటుంది, తెలియదని మనమే రుజువు చేయాలి, అదీ అనుమానానికి తావు లేకుండా. అంటే కిరాయి మాట్లాడిన ఫోన్ నంబరు, అడ్వాన్స్ వేసిన ఫోన్‌పే రికార్డు, వాట్సాప్ మెసేజ్, లోడు ఎత్తిన చోటి, టీ తాగిన ధాబా సీసీ కెమెరా, ఇవన్నీ కావాలి. కెమెరా ఫుటేజీ కొద్ది రోజుల్లోనే చెరిగిపోవచ్చు, కాబట్టి దాన్ని భద్రపరచమని ఈ వారంలోనే కోర్టులో పిటిషన్ వేసే లాయర్ కావాలి మీకు. మీరు మాత్రం ఆ కిరాయి మాట్లాడినవాడికి ఫోన్ చేసి తిట్టకండి, ఊళ్లో ఎవరితోనూ కేసు గురించి వాయిస్ మెసేజ్‌లు పెట్టకండి.

ఇంకొకటి, రోజులు లెక్కపెట్టే మనిషి కావాలి. వాణిజ్య పరిమాణం కేసులో 180 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది (ప్రాసిక్యూటర్ రిపోర్టు మీద ప్రత్యేక కోర్టు గడువు పెంచవచ్చు, ఏడాది వరకు). కానీ అడగాలి. గడువు దాటాక మీరు పిటిషన్ వేయకముందే ఛార్జిషీటు పడిపోయిందా, ఆ హక్కు పోయినట్టే. ఆ తారీఖు మీరు కూడా ఇంట్లో క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. తర్వాత విచారణ ఏళ్లకేళ్లు సాగితే అదీ బెయిల్‌కి ఒక దారే: 2023లో ఒడిశా గంజాయి కేసులోనే మూడున్నరేళ్లు దాటి జైల్లో ఉన్న ఒకతనికి సుప్రీంకోర్టు ఆ కారణంతో బెయిల్ ఇచ్చింది.

ఒడియా కాగితాల సంగతి. అరెస్టు కారణాలు రాతపూర్వకంగా, మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, ఆలస్యమైనా రిమాండుకి రెండు గంటల ముందైనా అందాలి అని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తమ్ముడికి ఏం ఇచ్చారు, ఏ భాషలో ఇచ్చారు, ఎవరైనా తెలుగులో చదివి చెప్పారా, ములాఖత్‌లో అడిగి లాయర్‌కి చెప్పండి. వాడు పోలీసుల దగ్గర ఒప్పుకున్నట్టు ఏదైనా రాసుకున్నా బెంబేలెత్తకండి, 67వ సెక్షన్ కింద అధికారులకిచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తేలిపోయింది.

విశాఖ లాయర్ రాకూడదని కాదు, అడ్వకేట్ దేశంలో ఎక్కడైనా వాదించవచ్చు. కానీ సాక్షుల వాంగ్మూలాలు ఒడియాలో, ఠాణా కాగితాలు ఒడియాలో, వాయిదాలు జైపూర్‌లో. ప్రతి వాయిదాకి ఆయన రాడు, వచ్చినా చదవలేడు. జైపూర్‌లోనే సెషన్స్ కేసులు నడిపే మనిషిని పెట్టుకోండి, తెలుగు వచ్చినవాళ్లు అక్కడ దొరుకుతారు. ఆ డబ్బు మిగిల్చి, అవసరమైతే కటక్ హైకోర్టులో బెయిల్‌కి వాడండి.

డబ్బే లేకపోతే మొహమాటం వద్దు. జైల్లో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా న్యాయసేవా ప్రాధికారానికి దరఖాస్తు పెట్టండి, 15100కి ఫోన్ చేసినా సరే. సర్కారు లాయర్ అని చిన్నచూపు చూడకండి, ఆ కోర్టులోనే రోజూ నిలబడే మనిషి ఆయన.

ఫీజు దశలవారీగా మాట్లాడుకోండి: బెయిల్‌కి ఎంత, ఛార్జిషీటు తర్వాత ఎంత, సాక్షుల దశకి ఎంత, కాగితం మీద రాయించుకోండి. ‘జడ్జిగారికి’ అన్న మాట వస్తే అక్కడితో లేచిపోండి. వకాలత్‌లో ఖాళీలు వదిలి సంతకం పెట్టనివ్వకండి. బండి ఆర్‌సీ, లైసెన్సు ఒరిజినల్స్ మీ దగ్గరుంటే లాయర్‌కి జిరాక్సులే ఇవ్వండి, బండి విడిపించుకునే పిటిషన్ వేసినప్పుడు కోర్టుకి చూపించాల్సింది ఆ ఒరిజినల్సే.