వంగిన వేలి కంటే ముందు దాని మీది ఆనెకాయ సంగతి చూడాలి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 54. విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో పనిచేస్తాను. రోజంతా నిలబడే ఉంటాను. షుగర్ ఉంది. కుడికాలి బొటనవేలు పక్కకి ఒరిగిపోయింది. మెట్టె పెట్టుకునే వేలు మధ్యలో వంగి పైకి లేచింది, దాని మీద ఆనెకాయ కాసింది. ఎక్స్‌రే తీసి హాలక్స్ వాల్గస్, హ్యామర్ టో అని రాశారు. ఆపరేషన్ అంటారేమోనని టెన్షన్‌గా ఉంది. మందుల షాపులో ఇచ్చిన కార్న్ క్యాప్ (ఆనెకాయ మీద అంటించే మందు పట్టీ) వేసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ కార్న్ క్యాప్ వేసుకోకండి. ఇప్పటికే వేసుకుని ఉంటే తీసేయండి. అందులో సాధారణంగా శాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది. అది ఆనెకాయతో పాటు చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ తినేస్తుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన పాదానికి పుండు పడినా నొప్పి తెలియదు. బ్లేడుతో గీసుకోవడమూ వద్దు.

రిపోర్టులో పేర్లు చూసి బెంగపడకండి. వేలు ఎటు ఒరిగింది, ఏ కీలు దగ్గర వంగింది అన్నదే వాటి అర్థం. బొటనవేలు పక్క వేలి మీదికి ఒరిగితే హాలక్స్ వాల్గస్. అప్పుడు పాదం అంచున పొడుచుకొచ్చే బుడిపె బనియన్. అది కొత్తగా పెరిగిన ఎముక అనుకుంటారు చాలామంది. చాలావరకు అది పక్కకి జరిగిన మన పాదం ఎముకే. వేలి మధ్య కీలు వంగితే హ్యామర్ టో, గోరు దగ్గరి కీలు వంగితే మాలెట్ టో. వేలు మొదట్లో పైకి లేచి, మిగతా రెండు కీళ్లూ ముడుచుకుంటే క్లా టో. మీ బొటనవేలు ఒరిగి చోటు లేకుండా చేయడం వల్లే పక్క వేలు పైకి లేచి ఉండొచ్చు.

చేత్తో మెల్లగా సాగదీస్తే ఆ వేలు తిన్నగా వస్తోందా? వస్తే పట్టీ, సిలికాన్ ప్యాడ్, వెడల్పాటి చెప్పులతో చాలామందికి సరిపోతుంది. బిగుసుకుపోయి, చెప్పులు మార్చినా నొప్పి తగ్గకపోతేనో, మాటిమాటికీ పుండు పడుతుంటేనో ఆపరేషన్ గురించి ఆలోచించాలి. అప్పుడైనా ముందు షుగర్ అదుపులోకి రావాలి, కాలికి రక్తప్రసరణ బాగుందో లేదో చూడాలి. వేలు అందంగా కనబడటం కోసం కత్తి పెట్టించుకోమని నేనెవరికీ చెప్పను.

మెట్టె తీయడానికి మనసొప్పదని నాకు తెలుసు. కానీ ఆ వేలికి మాత్రం ఇప్పుడు వద్దమ్మా. మెట్టె బిగుసుకుపోయి ఉంటే లాగకండి, మెట్టెనే కోయించి తీయించండి. తర్వాత వదులుగా ఉండేది ఇంకో వేలికి పెట్టుకోవచ్చు.

చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి అసలు సైజు తెలుస్తుంది. ముందు భాగం వెడల్పుగా, మడమకి పట్టీతో ఉండే ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బర్ అనే మెత్తటి రబ్బరు) చెప్పులు మీకు మంచివి. ఇంట్లోనూ చెప్పులు వేసుకోండి. ఎండాకాలం అమ్మవారి కొండకి వెళ్లినా కాలిన నేల మీద ఉత్త కాళ్లతో నడవకండి. స్పర్శ లేని పాదానికి బొబ్బలెక్కేదాకా వేడి తెలియదు.

ఈ వారంలోనే ఎముకల డాక్టర్‌కి చూపించుకుని, పాదాల స్పర్శ కూడా పరీక్షించమని అడగండి. ఆనెకాయ చెమ్మగిల్లినా, చీము పట్టినా, వేలు ఎర్రబడినా, నల్లబడినా, నొప్పి లేకుండానే పాదం వాచి వేడిగా ఉన్నా అదే రోజు వెళ్లాలి. వెళ్లేటప్పుడు రోజూ షాపుకి వేసుకెళ్లే చెప్పులతోనే వెళ్లండి. ఒత్తిడి ఎక్కడ పడుతోందో వాటి అరుగుదల చూస్తే డాక్టర్‌కి తెలుస్తుంది.