నాన్న మాటల్లో సుందరయ్య గారు

ప్రశ్న: మా నాన్నకు 71 ఏళ్లు. సొంతూరు గన్నవరం దగ్గర. అమ్మ పోయాక రెండేళ్లుగా హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంటున్నారు. 1978లో తన తొలి ఓటు సీపీఎం నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారికి వేశానని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతారు. పేపర్లో ఏ అవినీతి వార్త చూసినా ‘సుందరయ్య గారైతేనా’ అని మొదలుపెడతారు. మావారు లోన్ మీద కారు తెచ్చిన రోజు కూడా సుందరయ్య గారు సైకిల్ మీదే తిరిగిన కథే చెప్పారు. మొన్న హాల్‌కి రంగులు వేయించినప్పుడు మావారు అక్కడున్న సుందరయ్య గారి ఫొటో తీయించి అటక మీద పెట్టించారు. మా ఇంట్లో నాన్న అడిగి పెట్టించుకున్నది అదొక్కటే. దానికితోడు మా 19 ఏళ్ల అబ్బాయి ‘తాతయ్యా, మీ పార్టీకి అసెంబ్లీలో ఒక్క సీటు లేదు, నీ ఓటు వేస్ట్’ అన్నాడు. పది రోజులుగా నాన్న తన గదిలోనే తింటున్నారు. ఆయన ఓటు ఇంకా ఊళ్లోనే ఉంది, మోకాళ్ల నొప్పులతో బస్సెక్కి వెళ్లి మరీ వేసొస్తారు. చెప్పకుండా ఇక్కడికి మార్పించేద్దామా? ఇది చాదస్తమా, డాక్టర్‌కి చూపించాలా?

జవాబు: ముందు ఆ ఫొటో అటక మీద నుంచి దించండమ్మా. మిగతావన్నీ తర్వాత.

కూతురింట్లో ఉంటున్న తండ్రికి ఎంత మొహమాటం ఉంటుందో మీకు తెలియంది కాదు. అన్నంలోకి ఇంకాస్త కూర కావాలన్నా అడగరు, టీవీలో తనకు నచ్చింది పెట్టమనరు. అలాంటి మనిషి నోరు తెరిచి అడిగింది ఒక్కటే, దాన్ని ఆయనతో ఒక్క మాటైనా అనకుండా పాత సామాన్ల మధ్య పడేశారు. ఆయన అలిగింది సుందరయ్య గారి కోసం అని మీరంతా అనుకుంటున్నారు. నాకైతే, ఈ ఇంట్లో నా చోటు కూడా అటక మీదేనేమో అన్న భయం కనిపిస్తోంది.

ఇక ఆ అభిమానం సంగతి. అప్పట్లో ఓటు హక్కు 21 ఏళ్లకు, 18కి తగ్గింది 1989లో. అంటే మీ నాన్న ఓటు కోసం ఎదురుచూసి, ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో తొలిసారి వేశారు. ఎవరికి వేశారు? పేరు చివర రెడ్డి అన్న మాట వదిలేసి, తన వాటాకు వచ్చిన ఆస్తి కూడా వదులుకుని, పిల్లలు వద్దని భార్య లీల గారితో కలిసి నిర్ణయించుకుని, 1952లో రాజ్యసభకు వెళ్లాక కూడా సైకిల్ మీదే తిరిగిన మనిషికి. సొంత ఊరు అలగానిపాడులో యువకుడిగా ఉన్నప్పుడే వ్యవసాయ కూలీలను కూడగట్టి, అంటరానితనాన్ని ఎదిరించిన మనిషికి. ఆ వయసులో అలాంటి మనిషిని దగ్గరగా చూస్తే మనసులో పాతుకుపోతాడు. పదిహేనుకీ ముప్పైకీ మధ్య జరిగినవి ముసలితనంలో మిగతా వాటికంటే బాగా గుర్తుంటాయని మానసిక శాస్త్రం కూడా చెబుతుంది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఇంకొకటి. ఆయన్ని చూసి మీ నాన్న తనకంటూ కొన్ని పట్టింపులు పెట్టుకునే ఉంటారు, అందులో ఏవి నిలబెట్టుకున్నారో, సంసారంలో పడి ఏవి వదిలేశారో ఈ వయసులో లెక్క చూసుకుంటూ ఉంటారు, కానీ ఆ లెక్క పైకి చెప్పడం రాక సుందరయ్య గారి కథే మళ్లీ మళ్లీ చెబుతున్నారు. ఆ కబుర్లు ఇన్నేళ్లూ విన్న మనిషి వెళ్లిపోయి రెండేళ్లయింది కదమ్మా.

అందుకే ఈసారి సైకిల్ కథ మొదలుపెట్టగానే లేచి వెళ్లకండి. ఆ రోజు ఓటేయడానికి నువ్వు ఎవరితో వెళ్లావు నాన్నా, తాతయ్య ఏమన్నారు, పెళ్లయ్యాక అమ్మ ఎవరికి వేసేది అని అడగండి. కథ ఆయన మీదికి మళ్లాలి. మీకు తెలియని మీ నాన్న అందులో చాలా ఉన్నారు.

పాత సంగతులు మళ్లీ మళ్లీ చెప్పడం ఒక్కటే అయితే అది జబ్బు కాదు. కానీ పొద్దున తిన్నది మర్చిపోవడం, తెలిసిన దారి తప్పడం, డబ్బు లెక్క తేలకపోవడం ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి. ఇంకో వారం కూడా గదిలోంచి బయటికి రాకుండా, తిండి, నిద్ర తగ్గుతుంటే అది అలక కాదు, దిగులు. దానికీ వైద్యం ఉంది, ఆలస్యం చేయకండి.

చెప్పకుండా ఓటు మార్పించడం మాత్రం వద్దే వద్దు. మార్పు కోసం పెట్టాల్సిన ఫారం 8 ఆయన దరఖాస్తు, ఆయన సంతకం. సాధారణంగా నివసించే చోటే ఓటు ఉండాలన్నది చట్టమే, ఆ మాట ఆయన ఎదురుగా కూర్చుని చెప్పండి, అర్థం చేసుకోలేని మనిషేం కాదు. ఊళ్లో ఆయనకంటూ మిగిలింది ఆ ఓటర్ల జాబితాలో పేరే అయితే, సంతకం పెట్టే ముందు ఒకసారి ఊరు తీసుకెళ్లి రెండు రోజులు ఉంచి తీసుకురండి.

అయితే మీ నాన్న వైపూ ఒక పొరపాటుంది, అది కూతురిగా మీరే చెప్పాలి. కష్టపడి కారు కొనుక్కున్న రోజున అల్లుడికి సైకిల్ కథ చెబితే అది దెప్పినట్టే ఉంటుంది. ‘నాన్నా, ఆ రోజు ఆయన మనసు నొచ్చుకుంది’ అని మెల్లగా అనండి, చాలు.

మనవడితో కూడా కూర్చోండి. సీట్లు పోయిన సంగతి తాతయ్యకు తెలియదా? తెలిసీ అంటిపెట్టుకున్నారంటే ఎందుకో వాడే అడగాలి, గెలవడానికి కాదు, వినడానికి. తాతయ్య కూడా ప్రశ్నకు కోపం తెచ్చుకోకూడదు. సుందరయ్య గారే 1970ల మధ్యలో సొంత పార్టీ పద్ధతులతో విభేదించి ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా ఇచ్చారు, అది మీ నాన్నకు నాకంటే బాగా తెలుసు. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, ఒక ఆదివారం వాడే తాతయ్యను అక్కడికి తీసుకెళ్తే దారి పొడుగునా మాట్లాడుకోవడానికి టైమ్ దొరుకుతుంది. ఆ కొత్త కారులోనే వెళ్లమనండి.

ఫొటో హాల్లోనే ఉండాలని పట్టుపట్టకండి, మీవారి ఇష్టమూ చూడాలి. ‘ఎక్కడ పెడదాం మామయ్యా’ అని ఆయన్నే అడగమనండి, మేకు కూడా ఆయన్నే కొట్టమనండి.