సెల్లూ సేద్యమూ: మీరడిగారు, మేం చెప్పాం

విశాఖ చుట్టుపక్కల మండలాల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఫోన్ల గురించే. ఒకే రకంగా ఉన్నవాటిని కలిపేశాం, మొదటిదానికి మాత్రం జవాబు కాస్త పొడుగైంది.

*ప్రశ్న:* మా నాన్న, బాబాయిలు వరి, కూరగాయలు వేస్తారు. నేను వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్ళో రైతులందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టాను సార్. గుడ్ మార్నింగ్ బొమ్మలు, దేవుడి ఫొటోలు తప్ప పంట మాట ఒక్కటీ రాదు. ఏదైనా యాప్ చూపిస్తే "చూద్దాంలేరా" అంటారు. మావాళ్ళకి టెక్నాలజీ ఎక్కదంటారా? (పద్మనాభం మండలం)

*జవాబు:* ఎక్కదని మాత్రం అనకండి తమ్ముడూ. ఆ బాబాయిలే కిరాణా కొట్లో ఫోన్‌పే కొడుతున్నారు, రాత్రి పడుకునే ముందు యూట్యూబ్ చూస్తున్నారు. దేవుడి ఫొటో పంపగలిగినవాళ్ళకి పురుగు పట్టిన ఆకు ఫొటో పంపడం చేతకాదా? చేతనవును, కానీ పంపరు. ఎందుకంటే మీ గ్రూపులో ఊరంతా ఉంది. చేను పాడైందని అక్కడ పెడితే అప్పిచ్చినాయన చూస్తాడు, పొలం కౌలుకిచ్చినాయన చూస్తాడు, రేపు సంబంధం కలుపుకుందామనుకున్నవాళ్ళు కూడా చూస్తారు. అంతమంది ముందు "నాకు తెలీదు, చెప్పండి" అనడం ఎవరికైనా కష్టమే, మీ ఆఫీసు గ్రూపులో మీరు మాత్రం అడుగుతారా?

కాబట్టి ముందు గ్రూపు చిన్నది చేయండి. ఒకే పంట వేసే పది పదిహేను మంది చాలు, అందులో ఎరువుల కొట్టువాళ్ళని, నాయకుల్ని పెట్టకండి. రాయడం బద్ధకం ఉన్నవాళ్ళని వాయిస్ మెసేజ్ పెట్టమనండి.

రెండో సంగతి, రైతు యాప్‌ని చూసి నమ్మడు, పక్క చేను చూసి నమ్ముతాడు. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ ఊరి రైతులనే నటింపజేసి సాగు వీడియోలు తీసి, వాటిని ఊళ్ళోనే చిన్న ప్రొజెక్టర్ల మీద వేసి చూపించేది. చూసినవాళ్ళు ముందు అడిగేది మందు పేరు కాదట, ఆ రైతు పేరేంటి, ఏ ఊరు అని. మనవాడే, మనలాంటి భూమే అని తేలాకే మిగతాది చెవికెక్కేది. మీరు ఎక్కడో పంజాబ్ రైతు వీడియో ఫార్వర్డ్ చేస్తే "చూద్దాంలేరా" అనక ఏమంటారు చెప్పండి.

ఇంకోటి కూడా చెప్పాలి. 2004లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్ళు ఈ-సాగు అని మొదలుపెట్టారు, వరంగల్ వైపు పత్తి రైతులతో. కాస్త చదువుకున్న ఊరి మనిషి ఒకరు వారం వారం చేలకు వెళ్ళి ఫొటోలు తీసేవారు. ఊళ్ళలో నెట్ సరిగ్గా లేని రోజులు కదా, వాటిని సీడీల్లో పెట్టి హైదరాబాద్ పంపితే శాస్త్రవేత్తలు చూసి ఏ చేనుకి ఆ సలహా రాసి పంపేవారు. అంటే రైతు నోరు తెరిచి అడగక్కర్లేకుండానే సలహా వచ్చేది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది కంప్యూటర్ కాదు, గట్టు మీద నడిచిన ఆ మనిషి. మీ ఊళ్ళో ఆ పని ఎవరు చేస్తారో చూడండి, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు ఒకరిద్దరైనా ఉండకపోరు.

మీ వంతుగా నాన్నగారి చేనుతో మొదలెట్టండి. పురుగో తెగులో కనిపించిన చోట ఫొటో తీసి, ఏ రకం వేశారు, ఏ తేదీన నాట్లు ఊడ్చారు, ఏ మందు ఎంత మోతాదులో కొట్టారు అని గ్రూపులో పెట్టండి. పది రోజులాగి అదే చోట ఇంకో ఫొటో తీసి, తగ్గిందో లేదో పెట్టండి. తగ్గకపోయినా పెట్టండి, అసలు తగ్గకపోతేనే తప్పకుండా పెట్టండి. నేను చూసిన రైతు గ్రూపులన్నిటికీ ఒకటే జబ్బు: మందు పేరు అడిగేవాళ్ళు బోలెడంతమంది, కొట్టాక ఏమైందో చెప్పే నాథుడే ఉండడు. దాంతో పనికిరాని మందే ఊరంతా తిరుగుతూ ఉంటుంది.

యాప్ అంటారా, వాతావరణంతో మొదలెట్టండి. మేఘదూత్ అనే యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో జిల్లావారీ సలహా వస్తుంది. మందు కొట్టాక వాన పడి డబ్బు కొట్టుకుపోయిన అనుభవం లేని రైతు లేడు కాబట్టి ఇది ఎవరికైనా అవసరమే.

*ప్రశ్న:* ఊడ్చిన మూడు వారాలకి వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చాయి. యాప్‌లో ఫొటో పెడితే గోధుమ మచ్చ తెగులంది. మందుల కొట్టాయన అగ్గి తెగులని రెండు సీసాలు చేతిలో పెట్టాడు. గ్రూపులో ఒకాయన జింకు లోపం అన్నాడు. టెన్షన్ పట్టుకుంది, ఎవరి మాట వినాలి? (భీమిలి)

*జవాబు:* ఎవరి మాటా వినకముందు మళ్ళీ ఓసారి చేలో దిగండి. ఒక ముదురాకు తుంచి వంచి చూడండి. జింకు లోపమైతే ఆకు పెళుసుగా ఉండి టప్పున విరుగుతుంది, మచ్చలు ఇటుక రంగులో మధ్య ఈనెకి అటూ ఇటూ ఉంటాయి, దుబ్బు కట్టక మొక్క గిడసబారుతుంది. అగ్గి తెగులు మచ్చ రెండు కొసలూ మొనదేలిన నూలుకండె ఆకారంలో, నడుమ బూడిద రంగులో ఉంటుంది. గోధుమ మచ్చలైతే నువ్వు గింజల్లా ఆకంతా చల్లినట్టుంటాయి. మీరు చెప్పిన మూడు వారాల వయసునీ తుప్పు రంగునీ బట్టి నాకు జింకు మీదే అనుమానం. అదే అయితే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ చొప్పున, ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు కొట్టాలి. పురుగుమందుతో కలపకండి. కొట్టే ముందు ఒక మొక్క పీకి రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకులకి చూపించండి, సీసాలు ఇంకా విప్పకపోతే తిరిగిచ్చేయండి.

యాప్ తప్పు చెప్పిందని తీసిపారేయకండి. మీరు పెట్టింది ఎండలో మెరుస్తున్న ఒక్క ఆకు ఫొటో అయ్యుంటుంది. చేను మొత్తం ఒకటి, మొక్క మొత్తం ఒకటి, మచ్చ దగ్గరగా ఒకటి, ఆకు అడుగువైపు ఒకటి తీయండి, ఎండ నేరుగా పడకుండా మీ నీడ అడ్డం పెట్టండి. బాగున్న మొక్కనీ బాగోలేనిదాన్నీ పక్కపక్కన పెట్టి తీస్తే చూసే మనిషికి ఇంకా సులువు. సుడిదోమలాంటి పురుగులు ఆకు ఫొటోలో అసలు దొరకవు, దుబ్బు మొదట్లో నీటి పైన ఉంటాయి, వంగి చూడాల్సిందే.

*ప్రశ్న:* నాది బటన్ ఫోను బాబూ. పూల తోట ఉంది. ఇవన్నీ మాలాంటోళ్ళకి కాదా? (ఆనందపురం)

*జవాబు:* ఎందుక్కాదమ్మా. 1800-180-1551కి చెయ్యండి, కిసాన్ కాల్ సెంటర్, 2004 నుంచి ఉంది. పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. తోటలో నిలబడి చేస్తే మంచిది, వాళ్ళు అడిగేవి ఎదురుగా చూసి చెప్పొచ్చు. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకి ఎప్పుడు విత్తాలో చెప్పింది కూడా మామూలు ఎస్సెమ్మెస్‌తోనే. కంప్యూటర్ వాళ్ళ దగ్గర ఉంది, రైతుకి చేరాల్సింది ఆ ఒక్క ముక్క.

*ప్రశ్న:* సాగు లెక్కలకి లాప్‌టాప్ కొనమంటున్నాడు మావాడు. కొనాలా? (పెందుర్తి)

*జవాబు:* ఒక పంటకాలం నోటుబుక్కులో రోజూ రాయండి. రాయగలిగితే అప్పుడు చూద్దాం. లాప్‌టాప్ మీవాడికే కావాలేమో కూడా కనుక్కోండి.

*ప్రశ్న:* పీఎం కిసాన్ డబ్బు కోసమని గ్రూపులో ఒక ఫైలు వచ్చింది. నొక్కొచ్చా? (పేరు రాయలేదు)

*జవాబు:* నొక్కకండి. పేరు చివర ఏపీకే (.apk) అని ఉండే ఫైలు తెలిసినవాళ్ళ నంబరు నుంచి వచ్చినా వేసుకోవద్దు, వాళ్ళ ఫోను అప్పటికే దొంగల చేతిలో ఉండొచ్చు. ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మీరు మీరేనని రుజువు చేసుకోవడం, కావాలంటే మీసేవకో రైతు సేవా కేంద్రానికో వెళ్ళి అడగండి. ఇప్పటికే నొక్కి డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. గ్రూపులో కూడా చెప్పండి, ఆ ఫైలు మిగతావాళ్ళ ఫోన్లలో ఇంకా అలాగే ఉంటుంది.