ఫీజు కట్టే ముందు మీ అబ్బాయి చేత ఒక్క గేమ్ పూర్తి చేయించండి

ప్రశ్న: మాది నెల్లూరు, ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి సెకండ్ పీయూసీ (ఇంటర్) కామర్స్ పూర్తి చేశాడు. వీడియో గేమ్స్ తయారు చేయడం నేర్చుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. కోడింగ్ అసలు రాదు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాది కోర్సుకు మూడు లక్షలు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి సార్. వాడి కోరిక తప్పని కాదు, గేమ్స్ ఆడటం ఇష్టమైన పిల్లలందరికీ వాటిని తయారు చేయడం కూడా ఇష్టమవుతుందని గ్యారంటీ లేదు, ఆ సంగతి తేల్చుకోవడానికి మూడు లక్షలు అక్కర్లేదు, ఇంట్లో ఉన్న లాప్‌టాప్, ఈ సెలవులు చాలు.

గోడో అనే గేమ్ ఇంజిన్, అంటే గేమ్స్ తయారు చేసే సాఫ్ట్‌వేర్ ఉంది. పూర్తిగా ఉచితం, 2014 నుంచి ఓపెన్ సోర్స్ (దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు), రేపు గేమ్ అమ్ముకున్నా వాళ్లకు పైసా ఇవ్వక్కర్లేదు. టూడీ గేమ్స్‌కైతే మామూలు లాప్‌టాప్ సరిపోతుంది, కాబట్టి గ్రాఫిక్స్ కార్డు కావాలని అడిగితే ఇప్పుడే కొనకండి. ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా యూనిటీ, అన్‌రియల్ అనే వేరే ఇంజిన్ల పేర్లే కనిపిస్తాయి, నిజమే. కానీ ఒకటి వచ్చాక ఇంకోదానికి మారడం అంత కష్టం కాదు, పైగా గోడోలో వాడే జీడీస్క్రిప్ట్ అనే కోడింగ్ భాష పైథాన్ భాషలా ఉంటుంది, కొత్తవాళ్లకు భయం వేయదు.

గోడో వాళ్ల సైట్‌లోనే మొదటి టూడీ గేమ్ ఎలా చేయాలో మొదటి నుంచి చివరి దాకా పాఠం ఉంది, ముందు అది చేయమనండి. తర్వాత పాఠాలు, వీడియోలు అన్నీ మూసేసి సొంతంగా ఒకటి, 1972లో అటారీ వాళ్లు తెచ్చిన పాంగ్ లాంటిది, రెండు కర్రలు, ఒక బంతి. స్కోరు, స్టార్ట్ బటన్, గేమ్ ఓవర్, మళ్లీ ఆడే వీలు అన్నీ ఉండాలి. ఓపెన్ వరల్డ్ గేమ్, అంటే పెద్ద ప్రపంచంలో ఇష్టమొచ్చినట్టు తిరిగే గేమ్ చేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి, అక్కడే చాలామంది సగంలో వదిలేస్తారు.

అసలు పరీక్ష మధ్యలో వస్తుంది. బంతి మీ లాప్‌టాప్‌లో చక్కగా కదులుతుంది, ఫ్రెండ్ వాళ్ల 144 హెర్ట్జ్ మానిటర్ మీద రెట్టింపు కంటే ఎక్కువ స్పీడుతో పరిగెడుతుంది. ఎందుకంటే కోడ్ ఫ్రేమ్‌కు, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, ఒకసారి నడుస్తోంది, ఇక్కడ సెకనుకు 60 ఫ్రేములు, అక్కడ 144. వేగాన్ని డెల్టాతో, అంటే రెండు ఫ్రేముల మధ్య గడిచిన టైమ్‌తో గుణిస్తే సరిపోతుంది. ఈ ఒక్క లైను కోసం వాడు అన్నం కూడా మర్చిపోయి వెతుకుతుంటే నాకు చాలా సంతోషం, ఆ పిల్లాడికి ప్రోగ్రామింగ్ సరిపోతుంది. చిరాకుపడి వదిలేసి, బంతి బొమ్మ అందంగా గీయడం మీదే గంటలు గడిపితే అదీ మంచి వార్తే, గేమ్ ఆర్టిస్టు వేరే ఉద్యోగం. 1997లో ఇదే బెంగళూరులో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ కంపెనీ ఎక్కువగా విదేశీ గేమ్స్‌కు ఆర్ట్ పని చేసే ఎదిగింది, 2019లో జీటీఏ గేమ్స్ తీసే రాక్‌స్టార్ కంపెనీ దాన్ని కొనుక్కుంది.

2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ను కేంద్రం చట్టం చేసి నిషేధించింది కదా అని టెన్షన్ పడకండి. ఆ చట్టం పందెం గేమ్స్ మీద, మామూలు వీడియో గేమ్స్ మీద కాదు.

డిగ్రీ మాత్రం వదలొద్దు. కామర్స్ వాళ్లకూ బీసీఏ సీటిచ్చే కాలేజీలున్నాయి, మ్యాథ్స్ ఉండాలా వద్దా అన్నది కాలేజీని బట్టి మారుతుంది, అడిగి చేరండి. డిగ్రీ తర్వాత ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎం.డెస్ అనే పీజీ కోర్సు కూడా ఉంది, అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఆ ఇన్‌స్టిట్యూట్‌కు మళ్లీ వెళ్తే బిల్డింగు, ల్యాబు చూడటం కాదు, పాత విద్యార్థులు పూర్తి చేసిన గేమ్స్ చూపించమనండి, మీ వాడి చేత అక్కడే ఆడించండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి.

మీ వాడి గేమ్ పూర్తయ్యాక సొంత గేమ్స్ అందరికీ పెట్టుకునే ఇచ్ డాట్ ఐఓ (itch.io) అనే సైట్‌లో ఉచితంగా పెట్టి లింక్ పంపమనండి. ఆడి చూసి, ప్రోగ్రామింగ్ వైపా ఆర్ట్ వైపా అన్నది అప్పుడు వాడితోనే మాట్లాడతాను.