ఉంబ్రియాకు తప్పకుండా వెళ్లండి, అదీ ఒక పండగ చూసుకుని వెళ్లండి

జూన్‌లో అమ్మానాన్నలతో పన్నెండు రోజులు ఇటలీ వెళ్తున్నాం, రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ ఎలాగూ ఉన్నాయి, మధ్యలో ఉంబ్రియాకి నాలుగు రోజులు తీస్తే దండగవుతుందా అని అడిగారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులని, నాన్నగారు శాకాహారి అని కూడా రాశారు.

దండగ కాదండీ. నన్నడిగితే వెనిస్‌లో ఒక రోజు తగ్గించుకుని అయినా ఉంబ్రియాలో నాలుగు రాత్రులు ఉండండి. నేను ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటాను. 2023 జూన్‌లో తెనాలి నుంచి మా అమ్మ వస్తే ఇద్దరం కలిసి వెళ్లాం. అమ్మ ఆ ట్రిప్‌లో రోమ్ గురించి ఇప్పుడు పెద్దగా మాట్లాడదు, స్పెల్లో అనే చిన్న ఊరి గురించి మాత్రం ఇంటికి ఎవరొచ్చినా చెబుతుంది.

ముందు బస ఎక్కడో చెబుతాను, ఎందుకంటే మోకాళ్ల సంగతి దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఉంబ్రియా రోమ్‌కీ ఫ్లోరెన్స్‌కీ మధ్య ఉంటుంది. ఇటలీలో సముద్రతీరం గానీ పరాయి దేశపు సరిహద్దు గానీ లేని ప్రాంతం ఇదొక్కటే. ఫొటోల్లో మీరు చూసే ఊళ్లు దాదాపు అన్నీ కొండల మీదే ఉంటాయి. సూట్‌కేసులతో రోజుకో కొండ ఎక్కడం పెద్దవాళ్లతో అయ్యే పని కాదు. అందుకని మేం ఫొలీన్యోలో దిగాం. అది చదును నేల మీద ఉన్న ఊరు, రైల్వే జంక్షన్. రోమ్ నుంచి రైల్లో సుమారు రెండు గంటలు. అక్కడి నుంచి స్పెల్లో పక్క స్టేషనే, అస్సీసీ పావుగంట, స్పొలేతో ఇరవై నిమిషాలు, పెరూజా ముప్పావుగంట లోపే. గది కూడా అస్సీసీ కంటే బాగా చవగ్గా దొరికింది. అందరూ అస్సీసీలోనే ఉండమంటారు, సాయంత్రం జనం వెళ్లిపోయాక ఆ ఊరు చాలా బాగుంటుందన్నదీ నిజమే. కానీ మీ పరిస్థితికి ఫొలీన్యోనే నయం.

ఇక స్పెల్లో. క్రైస్తవులకు కోర్పుస్ డోమిని అని ఒక పండగ ఉంది. ఇటలీలో దాన్ని ఈస్టర్ తర్వాత తొమ్మిదో ఆదివారం చేస్తారు. మేం వెళ్లిన ఏడు అది జూన్ 11న వచ్చింది. ఏటా తేదీ మారుతుంది కాబట్టి మీ ఏడాదికి లెక్క వేసుకోండి. ఆ ఆదివారం ఉదయం ఊరేగింపు నడిచే వీధులన్నిటినీ పూలరేకులతో బొమ్మలుగా నింపుతారు. దాన్ని ఇన్ఫియొరాతా అంటారు. ఆదివారం పొద్దున వెళ్లి బొమ్మలు చూసి వచ్చేవాళ్లే ఎక్కువ. మీరు మాత్రం శనివారం రాత్రే వెళ్లండి. అసలు చూడాల్సింది ఆ పని జరగడమే.

మేం సాయంత్రం ఆరింటికి చేరేసరికి ప్రతి వీధిలో ఒక్కో జట్టు గాలి తగలకుండా పందిరి లాంటిది కట్టుకుని కూర్చుంది. పిల్లలు, కాలేజీ కుర్రాళ్లు, మామ్మలు, అందరూ నేల మీదే. అట్టపెట్టెల్లో రంగురంగుల రేకులు, కొన్ని పచ్చివి, కొన్ని ఎండబెట్టి పొడి చేసినవి. రంగు కలపకూడదు, ఏ రంగు కావాలన్నా పువ్వు నుంచో ఆకు నుంచో రావాల్సిందే. అందుకే కొండల్లో పూసినవాటిని పూసినప్పుడల్లా ముందునుంచే ఏరి దాచుకుంటారు. ఆకుపచ్చకి అడవి సోంపు ఆకు వాడతారు. వీధి మొదట్లోకి రాగానే ఆ వాసన గుప్పుమంది. "ఎవరింట్లోనో సోంపు వేయిస్తున్నారే" అంది అమ్మ.

ఒకామె మోకాళ్ల కింద చిన్న దిండు వేసుకుని, ఒక ముఖం బొమ్మలో బుగ్గ దగ్గర నీడ వేస్తోంది. చిటికెడు పొడి తీసుకుని, బొటనవేలు చూపుడువేలు మధ్య నుంచి సన్నగా వదులుతోంది. చెయ్యి కదులుతోంది గానీ వేళ్లు కదలడం లేదు. అమ్మ చాలాసేపు ఆ చేతినే చూసింది. మా అమ్మ ధనుర్మాసం నెల్లాళ్లూ తెల్లవారుజామున ముగ్గు వేసే మనిషి. "పిండి వదిలేది ఇలాగే కదే" అని గాల్లోనే వేళ్లు ఆడించి చూపించింది. ఆమె తలెత్తి చూసి, నవ్వి, పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాగి, కార్నేషన్ పూల పెట్టె ఒకటి అమ్మ ఒళ్లో పెట్టింది. రేకులు విడదీయాలన్నమాట. ఇద్దరికీ ఒక్క మాట ఉమ్మడిగా రాదు. అమ్మ గంటన్నర కూర్చుని ఆ పెట్టె ఖాళీ చేసింది. తొడిమ దగ్గర తెల్లటి భాగం వస్తే గోటితో గిల్లి పక్కన పడేయాలని ఆమె ఒక్కసారి చేసి చూపించింది, అంతే. నేను మధ్యలో వెళ్లి కాఫీలు తెచ్చాను.

మర్నాడు పొద్దెక్కాక ఊరేగింపు బయల్దేరింది. గొడుగు లాంటి పందిరి కింద దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా కొలిచే రొట్టెను, పట్టుకుని నేరుగా ఆ బొమ్మల మీద నుంచే నడిచారు. రాత్రంతా వేసింది అరక్షణంలో చెదిరింది. నాకు ప్రాణం ఉసూరుమంది. అమ్మకి మాత్రం ఏమీ అనిపించలేదట. "దేవుడు నడవడానికే కదా వేశారు. మన సంక్రాంతి ముగ్గూ సాయంత్రానికి ఉండదుగా" అంది.

ఒక్క జాగ్రత్త. రాత్రి పన్నెండున్నరకి మాకు రైలు లేదు, ఊరి గుమ్మం దగ్గర ట్యాక్సీ కోసం గంట పైనే నిలబడ్డాం. దూరం అయిదారు కిలోమీటర్లే అయినా అంత రాత్రి పెద్దావిడతో టెన్షన్ పడ్డాను. మీరు దిగిన చోట వాళ్లతో చెప్పి తిరుగు ట్యాక్సీ ముందే మాట్లాడి పెట్టుకోండి. స్పెల్లోలోనే గది కావాలంటే చాలా నెలల ముందే చూసుకోవాలి. ఊరు బాగా ఏటవాలు, కాబట్టి అమ్మగారికి చేతికర్ర ఉంటే మంచిది. వెళ్లినప్పుడు శాంతా మరియా మజ్జోరె చర్చిలో పింతురిక్కియో 1501లో చిత్రించిన చిన్న గది కూడా చూడండి. గబ్రియేలు దూత మరియమ్మకు కనిపించే బొమ్మలో, గోడకు తగిలించిన పటంలా తన ముఖం తనే వేసుకున్నాడు.

అస్సీసీకి ఒక పూర్తి రోజు ఇవ్వండి. శాన్ ఫ్రాంచెస్కో బసిలికా రెండంతస్తుల చర్చి. ఆ ఊరి పునీతుడు ఫ్రాన్సిస్ 1226లో చనిపోతే 1228లోనే కట్టడం మొదలుపెట్టారు. కింది చర్చి చీకటిగా, తక్కువ ఎత్తు కమానులతో ఉంటుంది. దాని కింద ఆయన సమాధి. పైచర్చి వెలుతురుగా ఉంటుంది, గోడల చుట్టూ ఆయన జీవితం 28 బొమ్మలు. వాటిని జొట్టో అనే చిత్రకారుడు వేశాడని చెబుతారు, కాదనే పండితులూ ఉన్నారు. మీరు రెండు బొమ్మల దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఒకటి గ్రెచ్చో అనే ఊళ్లో ఫ్రాన్సిస్ ఏర్పాటు చేసిన క్రిస్మస్ పశువులపాక. చిత్రకారుడు మనల్ని చర్చిలో గుడిపెద్దలు ఉండే వైపు నిలబెట్టాడు. అందుకని పైన వేలాడే సిలువ మనకు వెనక నుంచి కనిపిస్తుంది. సిలువ మీది క్రీస్తు బొమ్మ కనిపించదు, చెక్కలు, వాటిని బిగించిన అడ్డకర్రలు కనిపిస్తాయి. లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగిపోయిన ఆడవాళ్లూ కనిపిస్తారు. ఏడు వందల ఏళ్ల క్రితం ఒక సిలువను వడ్రంగి పనిలా చూపించాలని ఒకరికి తోచిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. రెండోది పిట్టలకు బోధించే బొమ్మ. అది గుమ్మం ఉన్న గోడ మీదే ఉంది, బయటికి వెళ్లబోయేటప్పుడు తలుపు పక్కన కనిపిస్తుంది. ముందుకే చూస్తూ నడిస్తే తప్పిపోతుంది.

కప్పు వైపు చూస్తే కొన్నిచోట్ల అతుకులు తెలుస్తాయి. 1997 సెప్టెంబరు 26న వచ్చిన భూకంపంలో పైకప్పు కొన్నిచోట్ల కూలింది. రాత్రి వచ్చిన మొదటి కుదుపుకి ఏం దెబ్బతిందో చూడ్డానికి లోపలికి వెళ్లిన నలుగురు, రెండో కుదుపుకి చనిపోయారు. వాళ్లలో ఇద్దరు ఆ మఠం సన్యాసులు. చిమబూయె వేసిన మత్తయి బొమ్మ వేల ముక్కలైంది. ముక్క ముక్క ఏరి, పోల్చుకుని, దొరికినంత మళ్లీ పైన అతికించారు. మ్యూజియంలో పెట్టిన పెయింటింగ్ చూడటానికీ, వేసిన గోడ మీదే, ఆ గోడకు తగిలిన దెబ్బలతో సహా చూడటానికీ చాలా తేడా ఉంది. ఫ్లోరెన్స్ మ్యూజియంలో క్యూలో నిలబడ్డాక మీకే అర్థమవుతుంది.

అస్సీసీ స్టేషన్ కొండ కింద ఉంటుంది. బస్సులో కొండ మీద చివరి స్టాపు దాకా వెళ్లి, అక్కడి నుంచి మెల్లగా బసిలికా వైపు దిగండి. దిగడం కూడా మోకాళ్లకు కష్టమే గానీ ఎక్కడం కంటే మేలు, దారిలో కూర్చోవడానికి మెట్లూ కాఫీ హోటళ్లూ ఉన్నాయి. తిరుగు బస్సు కిందే దొరుకుతుంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. లోపల ఫొటోలు తీయనివ్వరు.

పెరూజాలో మాత్రం మోకాళ్లకు కష్టమే లేదు. స్టేషన్ దగ్గర నుంచి మినీమెట్రో అనే చిన్న బండి కొండ మీదికి తీసుకెళ్తుంది. రాక్కా పావొలీనా కోట లోపల నుంచి ఎస్కలేటర్లూ ఉన్నాయి. వాటి మీద వెళ్తుంటే కోట కింద పూడిపోయిన పాత వీధులు, ఇళ్ల గోడలు కనిపిస్తాయి. 1540లో పోప్ మూడో పాల్ ఉప్పు మీద పన్ను పెంచితే పెరూజా తిరగబడింది, ఓడిపోయింది. ఆయన ఆ ఊరి ప్రముఖుల పేట మీదే ఈ కోట కట్టించాడు. ఉంబ్రియా రొట్టెలో ఉప్పు ఉండదు, అప్పటి కోపంతోనే మానేశారని అక్కడివాళ్లు చెబుతారు. చరిత్రకారులు మాత్రం ఆ కథను ఒప్పుకోరు. పైన చౌరస్తాలో 1270ల నాటి పెద్ద ఫౌంటెన్ ఉంది. దాని చుట్టూ పన్నెండు నెలల పొలం పనులు రాతిలో చెక్కారు. దుక్కి, విత్తనం, ద్రాక్ష తొక్కడం, అన్నీ ఉన్నాయి. వ్యవసాయం తెలిసిన పెద్దవాళ్లయితే గైడ్ లేకుండానే నెలలు గుర్తుపడతారు.

తిండి సంగతికి వస్తే, నాన్నగారికి కడుపు నిండుతుంది, కాకపోతే అడగాలి. చదునైన పెనం లాంటి దాని మీద కాల్చే తోర్తా అల్ తెస్తో అనే రొట్టె ఉంది, మన మందపాటి రొట్టెలాగే ఉంటుంది, మధ్యలో ఆకుకూర, చీజ్ పెట్టించుకోండి. కాస్తెల్లూచ్చో అనే కొండ ఊరి మసూర్ పప్పు చాలా ప్రసిద్ధి, సన్నగింజ, నానబెట్టక్కర్లేదు. కానీ పప్పు సూప్‌లో పంది సాసేజ్ వేస్తుంటారు. నల్ల ట్రఫుల్ (నేలలో పెరిగే పుట్టగొడుగు లాంటిది) వేసిన పాస్తా శాకాహారమే అనుకుంటాం, దాని సాస్‌లో చిన్న చేపలు నూరి కలిపే అలవాటు ఉంది. "సెన్జా కార్నే, సెన్జా పెషె" అంటే మాంసం లేకుండా, చేప లేకుండా అని. ఆ రెండూ కలిపి చెప్పండి. ఇంకోటి, మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటిళ్లు మూసేస్తారు, రాత్రి ఏడున్నర దాకా తెరవరు. అస్సీసీలో మేం మూడింటికి బయటికొస్తే ఎక్కడా వేడి భోజనం దొరకలేదు. అమ్మకి షుగర్ ఉంది, నా బ్యాగులో ఉన్న సున్నుండలే ఆదుకున్నాయి.

ఓర్వియేతో అనే ఊరిని ఈ నాలుగు రోజుల్లో కలపకండి. అది రోమ్–ఫ్లోరెన్స్ లైను మీద ఉంది, రోమ్ నుంచి నేరుగా ఫ్లోరెన్స్‌కి వెళ్లే రోజు ఉంటే మధ్యలో దిగి చూడొచ్చు. స్టేషన్ ఎదురుగా కొండెక్కించే కేబుల్ రైలు ఉంది. కోర్పుస్ డోమిని పండగను లోకమంతటికీ ప్రకటించింది 1264లో ఆ ఊళ్లోంచే, అప్పుడు పోప్ నాలుగో ఉర్బన్ అక్కడ ఉన్నాడు. స్పెల్లో చూశాక ఆ ఊరి పెద్ద చర్చిలోకి వెళ్తే ఆ సంబంధం మనసుకు తడుతుంది. కాస్తెల్లూచ్చో పొలాల్లో గసగసాల పూలు, ఆవపూలు జూన్ చివర, జూలై మొదట్లో బాగా పూస్తాయి. కానీ కారు లేకుండా కష్టం, 2016 భూకంపంలో ఆ ఊరు బాగా దెబ్బతింది కూడా. పెద్దవాళ్లతో మొదటి ట్రిప్‌లో వదిలేయండి.

మీ తేదీలకు కోర్పుస్ డోమిని కుదరకపోతే, జూన్ రెండో సగంలో బెవాన్యా అనే ఊళ్లో గాయితె (అంటే పేటల) సంత చూడండి. ఫొలీన్యో నుంచి పది కిలోమీటర్ల లోపే. ఊరి నాలుగు పేటలూ 1250 నుంచి 1350 మధ్య కాలంలో ఎలా బతికారో అలా కాగితం, పట్టు, కొవ్వొత్తులు తయారుచేసి చూపిస్తాయి. ఊరు కూడా చదునుగా ఉంటుంది. స్పొలేతోలో జూన్ చివర సంగీత నాటకోత్సవాలు మొదలవుతాయి, అవి 1958 నుంచి జరుగుతున్నాయి. జూలైలో పెరూజాలో జాజ్ ఉత్సవం ఉంటుంది గానీ అప్పుడు గదుల ధరలు మండిపోతాయి.

మీ టికెట్ల తేదీలు, ఏ ఊరు ముందో ఏది తర్వాతో రాయండి. ఏ రోజు ఎక్కడో నేను రాసి పెడతాను.