టెక్ సందేహాలు: ఇన్‌స్టాల్ అయితే చాలా?

ప్రశ్న: బంగారుపాళెంలో మా మామిడి మండీకి కాటా చీటీలు ప్రింట్ చేసే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసుకున్నాను. ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న నాలుగు కంప్యూటర్లలో వేయాలని డెబ్ ప్యాకేజీ (అందులో ప్రోగ్రాంను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) చేశాను. ఇన్‌స్టాల్ అవుతోంది కానీ చీటీ సేవ్ చేయబోతే 'పర్మిషన్ డినైడ్' వస్తోంది. ఫోల్డర్‌కు 777 (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అనే అనుమతి) ఇచ్చే లైను, ఇన్‌స్టాల్ అవుతూనే నడిచే పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టులో పెట్టాక పనిచేస్తోంది. ఇలాగే వదిలేయొచ్చా?

జవాబు: వద్దు. ఏ తంటా వచ్చినా 777 కొట్టేయడం ఎవరు నేర్పారో గానీ, ఈ ఉత్తరాలు ఆగడం లేదు.

మీ ప్రోగ్రాం చీటీలను తన కోడ్ పక్కనే రాసుకుంటోంది. అక్కడ రాసే హక్కు మామూలు యూజర్‌కు ఉండదు, ఉండకూడదు. 777 ఇస్తే ఆ కంప్యూటర్లో లాగిన్ ఉన్న ఎవరైనా కోడ్‌నే మార్చేయొచ్చు. సీజన్‌కు వచ్చిన గుమాస్తా ప్రతి కాటాలో రెండు కిలోలు తగ్గించే లైను ఇరికించినా, చీటీ దర్జాగా ప్రింటవుతుంది. రైతు వచ్చి నిలదీసేదాకా మీకు తెలీదు. చీటీలను యూజర్ హోమ్ ఫోల్డర్లోకి మార్చండి. చీటీల ఫైలును ప్యాకేజీలోనే పెట్టి ఉంటే అదీ తీసేయండి. లేదంటే కొత్త వెర్షన్ వేసిన రోజు దాని మీద ఖాళీ ఫైలు వచ్చి కూర్చుంటుంది.

ప్యాకేజీ కట్టేటప్పుడు డీపీకేజీ-డెబ్‌ (డెబ్ ఫైళ్లను కట్టే, విప్పే కమాండ్)కు 'రూట్-ఓనర్-గ్రూప్' ఆప్షన్ ఇచ్చారా? అది ఇస్తే ఫైళ్లకు ఓనరు రూట్, అంటే సర్వాధికారాలున్న యూజర్ అవుతుంది. ఇవ్వకపోతే ఫైళ్లు మీ యూజర్ నంబరుతోనే వెళ్తాయి. ఉబుంటులో మొదటి యూజర్‌కు మామూలుగా 1000 పడుతుంది. అంటే అవతలి కంప్యూటర్లో మొదటి యూజర్ ఎవరో, మీ ప్రోగ్రాంకు ఓనరు వాళ్లే. 777 తీసేసినా ఈ లోపం అలాగే ఉంటుంది.

నా అసలు టెన్షన్ పోస్ట్‌ఇన్‌స్ట్‌తోనే. అది రూట్ అధికారంతో నడుస్తుంది. మీది మీరు రాసుకున్నారు, సరే. వాట్సాప్‌లో ఎవరో పంపిన డెబ్ సంగతేంటి? రిపాజిటరీ (ఆన్‌లైన్‌లో ప్యాకేజీల నిల్వ) నుంచి తెస్తే, ఆప్ట్ అనే ఇన్‌స్టాల్ కమాండ్ డిజిటల్ సంతకం సరిచూస్తుంది. విడిగా వచ్చిన ఫైలుకు ఆ తనిఖీ జరగదు. పాస్‌వర్డ్ కొట్టేముందు డీపీకేజీ-డెబ్‌కు 'మైనస్ ఈ' ఇచ్చి, లోపలి స్క్రిప్టులు బయటికి తీసి చదవండి.

చీటీ ప్రింటర్లు అమ్మేవాళ్లదీ ఇదే తంతు. డ్రైవరంటూ జిప్ ఫైలొకటి చేతిలో పెట్టి, 'సూడోతో రన్ చేయండి' (అంటే రూట్ అధికారంతో) అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. తెరిచి చూస్తే చాలాసార్లు అందులోనూ 777 కనబడుతుంది! మూడంగుళాల కాగితం ప్రింట్ చేయడానికి కంప్యూటర్ మీద సర్వాధికారాలు ఎందుకో ఎవరూ చెప్పరు.

ప్రశ్న: తిరుపతి హాస్టల్లో మెస్ ఖర్చుల కోసం ఆండ్రాయిడ్ యాప్ చేసుకున్నాను. ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేశాక కొత్త ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ ఫైలు) పాతదాని మీద ఇన్‌స్టాల్ కావడం లేదు.

జవాబు: ఫార్మాట్‌లో మీ డీబగ్ కీస్టోర్ (యాప్ మీద డిజిటల్ సంతకం చేసే కీ ఉన్న ఫైలు) పోయింది. సంతకం మారితే ఆండ్రాయిడ్ అప్‌డేట్ ఒప్పుకోదు. యాప్‌లో ఎక్స్‌పోర్ట్ బటన్ ఉంటే ముందు లెక్కలు బయటికి తీసి, పాత యాప్ తీసేసి, కొత్తది వేసుకోండి. ఆ బటన్ పెట్టుకోకపోయి ఉంటే స్క్రీన్‌లో కనిపించేవన్నీ కాగితం మీద ఎక్కించుకోవచ్చు.