అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో మీరు చూసింది పులి సొర కాదు

"ఇసుక మీద పడుకుంది, 3 మీటర్లుంటుంది, పులి సొరేనా?" అన్నారు. ముందు ఆ కొలతలో కోత పెట్టండి. మాస్కు అద్దంలోంచి నీళ్లలో ఏదైనా దాదాపు మూడోవంతు పెద్దగా కనిపిస్తుంది. మీ 3 మీటర్లు నిజానికి రెండుంపావు. కంగారు కలిపింది వేరే లెక్క!

తల పారలా పలచగా, వెనక సగం సొరలా ఉందంటున్నారు కదా, అది గిటార్ చేపో వెడ్జ్‌ఫిషో అయ్యుంటుంది. రెండూ టేకు చేపల (ఇంగ్లీషులో రే) చుట్టాలే. పులి సొర మూతి మొద్దుగా, వెడల్పుగా ఉంటుంది. చారల్ని నమ్ముకోకండి, పెద్దయ్యేకొద్దీ మాసిపోతాయి. మొప్పల చీలికలు చూడండి: సొరకు తల పక్కన, వీటికి అడుగున. మీ వీడియోలో అది పక్కకు తిరిగినప్పుడు ఒక్క చీలికా కనబడలేదు.